ఎన్ని కొమ్మల దూరం

చి. సౌ. పావనికి,

అరకు నుంచి నీ బావ సన్యాసిరావు రాస్తున్నది. ఇక్కడ నేను వేళకి తింటున్నాను, బండ్లు తిరుగుతున్నాయి. నువ్వూ, చంటిదీ, అత్తా, మీ తమ్ముడు కామేషూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది.

ఫోనుండగా ఈ ఉత్తరాల గోలేమిటని అత్త సణుగుతోందని రాశావు. మొదలుపెట్టింది నువ్వు కాదూ? "బావా, నువ్వు ఫోన్లో ఊఁ ఆఁ తప్ప అనవు, కాగితం మీదైతే వాగుతావు" అన్నది ఎవరు? పైగా నేను ఫోన్ చేస్తే మా అత్త స్పీకర్ పెట్టి వీధి వీధంతా వినిపిస్తుంది. మేనత్త కాబట్టి ఊరుకుంటున్నాను గానీ, పరాయి అత్తయితే ఈపాటికి పెద్దల్లో పెట్టేవాణ్ణి. ఈ ఉత్తరం మన రెండో బండి డ్రైవరు ధనుంజయ్ చేతికిచ్చి పంపుతున్నాను. కొండ కిందికి దిగి, ఎస్.కోట మీదుగా వస్తాడు. కడుపునిండా అన్నం పెట్టండి, అడగడానికి మొహమాటపడే మనిషి.

ఇక్కడ సీజన్ ఊపుగా ఉంది. స్టేషన్ ఎదురుగా మన ట్రావెల్స్ గదిలో నా కుర్చీ వెనక కొత్త ఫ్లెక్సీ కట్టించాను. దూరాల పట్టిక. అడ్డంగా ఊళ్ళు, నిలువుగా ఊళ్ళు. అడ్డం వరసలో ఒక ఊరిమీదా, నిలువు వరసలో ఇంకో ఊరిమీదా వేళ్ళు పెట్టి జరుపుకుంటూ వస్తే, రెండూ కలిసిన గడిలో కిలోమీటర్లు ఉంటాయి. వైజాగ్, విజయనగరం, సాలూరు, కోరాపుట్, ఒరిస్సా జైపూర్, పాడేరు, ముంచింగిపుట్టు, అన్నీ ఉన్నాయి. దాని ముందు కూర్చుంటే నాకు కలెక్టర్ని అయినట్టుంటుంది.

మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన పెళ్ళాంపిల్లలతో వచ్చాడు. నన్ను అడక్కుండానే పట్టిక చూసి, సెల్‌ఫోన్లో కూడికలు వేసేసి, "పొద్దున బొర్రా, మధ్యాహ్నం జైపూర్, సాయంత్రానికి లంబసింగి, డిన్నర్‌కి వైజాగ్. ఓకేనా?" అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది వ్యవహారం. "సార్, ఇది మైదానం కిలోమీటరు కాదు, ఘాట్ కిలోమీటరు. మీ బాబు ఎన్ని మలుపుల్లో వాంతి చేసుకుంటాడో అది కూడా కలిపి చెప్పండి" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ జైపూర్ కొట్టేశాడు.

ఆ పట్టికనే జేబులో పట్టే కార్డులుగా కూడా అచ్చు వేయించాను. ముందువైపు మన ట్రావెల్స్ పేరు, నా ఫోన్ నంబరు. వెనకవైపు దూరాలు. నువ్వు నీ పర్సులో పెట్టుకున్నది అదే. కనబడ్డవాడికల్లా పంచాను. చేతులారా పంచాను.

ఇక నువ్వడిగినవి. పాపకి ముక్కు ఎవరిదని వాదన జరుగుతోందట కదా. నాదే. అత్తతో చెప్పు. జలుబుకి తమలపాకు వెచ్చచేసి గుండెమీద వేయమను, అంతకంటే వైద్యాలొద్దు.

రెండోది: "మూడో నెల రాగానే తమ్ముడి బండిలో వచ్చేస్తాను. నీ కార్డులో చూశాను, సుంకి, పొట్టంగి మీదుగా పై దారి దగ్గర కదా" అన్నావు. పట్టిక ప్రకారం దగ్గరే. కానీ రావద్దు. పై దారినీ వద్దు, కింద దారినీ వద్దు, రైల్లోనూ వద్దు. ఎందుకో ముందుకి రాస్తాను, అలిగి ఉత్తరం మడిచి పెట్టేయకు.

మూడోది నువ్వు నవ్వుతూ అడిగావు. "సుంకి దగ్గర మీ తరఫు ముసలమ్మ ఎవరో తమ్ముడి బండి ఆపిందట. చేతిలో నీ కార్డు ఉందట. సాలూరులో పావని ఇల్లు ఎంత దూరమని అడిగిందట. 'ఎక్కవే అవ్వా, ఆ ఇంటికే ఎల్తన్నాను, దింపీస్తాను' అన్నాడట వీడు. 'నడిసే వత్తాను నాయనా' అందట. ఎవరు బావా ఆవిడ? నాకు తెలియకుండా ఏ చుట్టరికం దాచావు?" అని.

ఆ నాలుగు ముక్కలూ చదివి నేను గది తలుపు వేసేసుకున్నాను, పావనీ. ఇక్కడినుంచి నువ్వొక్కదానివే చదువు. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకో. అత్తకి చదివి వినిపించకు. పెదవులు కూడా కదపకుండా కళ్ళతోనే చదువు.

పాప పుట్టిందని ఫోనొచ్చిన పొద్దున గుర్తుందిగా, బండి తీసుకుని ఒక్కణ్ణే పై దారిన బయల్దేరాను. పాడువా దాటాక మంచు పట్టుకుంది. మన కొండల్లో మంచు కొత్తేమీ కాదు, కానీ ఆ రోజు బండి ముందు లైటు వేస్తే వెలుతురు రెండు బారలు కూడా పోవడంలేదు. నందపూర్ ఇవతల ఒక కల్వర్టు దగ్గర అద్దం తుడుచుకుందామని ఆపాను. కల్వర్టు గోడమీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చూసి భయపడాల్సిన మనిషేమీ కాదు. మోకాళ్ళదాకా కట్టిన చీర, ముక్కుకి మూడు పోగులు, సంతకి పోయే ఏ అవ్వయినా అలాగే ఉంటుంది. చేతిలో ఆకులున్న పచ్చికొమ్మ పట్టుకుంది, అంతే.

"ఎందాకా బాబూ?" అంది.

మనలో బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగరు, ఎందాకా అంటారు. అడిగించుకున్నవాడు కాశీకి పోతున్నా సరే, "ఇదిగో, ఇక్కడికే" అంటాడు. మా నాయనమ్మ తొడపాశం పెట్టి మరీ నేర్పిన మాట అది. కానీ ఆ పొద్దున నేను నేలమీద లేనే! నాకు కూతురు పుట్టింది. ఆ సంగతి చెప్పుకోవడానికి దారి పొడుగునా ఒక్క మనిషి దొరకలేదు, మొదట దొరికింది ఈవిడే.

"సాలూరు అవ్వా! నాకు ఆడపిల్ల పుట్టింది!" అన్నాను. అక్కడితో ఆగానా? మా ఆవిడ పేరు పావని అన్నాను. పాత బస్టాండు వెనక సందు, పచ్చ గేటు అన్నాను. పిల్ల మూడు కిలోలుందని కూడా చెప్పాను. నోరా వీపుకు తేకే అని ఊరికే అన్నారా పెద్దలు!

ఆవిడ అంతా విని, "ఎన్ని కొమ్మల దూరం?" అని అడిగింది.

ఆ లెక్క నాకు ధనుంజయ్ చెప్పగా తెలుసు. వాళ్ళ ఊళ్ళో వెనకటికి కిలోమీటర్లూ కోసులూ లేవట. ఇంటిదగ్గర పచ్చికొమ్మ విరుచుకుని నడుస్తారు, చేతిలో దాని ఆకులు ఎక్కడ వాడితే అక్కడికి ఒక కొమ్మ దూరం. అక్కడ ఇంకో కొమ్మ విరుస్తారు. నాకు ముచ్చటేసింది. "ఇప్పుడు కొమ్మలు పోయాయి అవ్వా, కిలోమీటర్లు వచ్చాయి" అని జేబులోంచి కార్డు తీసి, అరకుమీద ఒక వేలూ సాలూరుమీద ఒక వేలూ పెట్టి, కలిసిన గడి చూపించాను. ఆవిడ కూడా ఆ గడిమీద వేలు పెట్టింది. నేను నా వేలు తీసేసినా ఆవిడ తియ్యలేదు. బండెక్కమన్నాను. "నడిసే వత్తాను నాయనా. పిల్లని సూడాల" అంది. కార్డు ఆవిడ దగ్గరే వదిలేసి వచ్చేశాను.

నిన్నూ పాపనీ చూశాక ఆ ముసలమ్మ నా బుర్రలోంచి ఎగిరిపోయింది. తిరుగు ప్రయాణంలో ఎస్.కోటకి బేరం తగిలి కింద దారిన వచ్చాను కాబట్టి ఆ కల్వర్టు మళ్ళీ చూడలేదు.

తర్వాత మొదటి ఫోను పొట్టంగి వైపు నుంచి ఒక టీకొట్టతను చేశాడు. "సార్, మీ అమ్మగారనుకుంటాను, ఇక్కడ ఉన్నారు. మీ కార్డు చూపించి చదివి చెప్పమంటున్నారు. సాలూరు ఎంత దూరమని అడుగుతున్నారు." మా అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. ఆ మాటే అన్నాను. "అయితే ఎవరో పాపం సార్. పొద్దుటి నుంచి టీ ఇస్తున్నా తాగడంలేదు. దూరం నేనే చెప్పేశాను" అన్నాడు. మంచివాడు.

తర్వాత ఘాట్ మలుపులోంచి ఇంకొకావిడ. ఎక్కడో టీచరట, స్కూటీ మీద పోతూ ఆగిందట. ముసలావిడ తప్పిపోయిందేమోనని నాకు ఫొటో కూడా పంపింది. ఫొటోలో రోడ్డు పక్క గోడ ఉంది. గోడమీద కొమ్మ ఉంది, దాని పక్కన మన కార్డు ఉంది. మనిషి లేదు. "ఇక్కడే కూర్చుందండీ, ఎందుకో పడలేదు" అంది టీచరు. నేను మనిషి కోసం వెతకలేదు పావనీ, కొమ్మనే చూస్తూ ఉండిపోయాను. ఆవిడని నేను చూసి అప్పటికి నెల దాటింది. ఆకులు ఇప్పుడే విరిచినట్టు నిగనిగలాడుతున్నాయి.

ఆ ఫొటో తీసుకెళ్ళి ధనుంజయ్‌కి చూపించాను. బండి కడుగుతున్నాడు. నీళ్ళ పైపు అలాగే కింద వదిలేశాడు.

"ఏటి బాబూ, ఈ కొమ్మ ఇంకా వాడలేదా? దూరం గానీ సెప్పీసినావా ఏటి?"

చెప్పానన్నాను. ఏమేం చెప్పానో అంతా చెప్పాను. తల పట్టుకుని టైరు పక్కన కూర్చుండిపోయాడు. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసట. కూతురు నీళ్ళాడిందని కబురొస్తే, మనవరాల్ని చూడ్డానికి కొమ్మ విరుచుకుని బయల్దేరిన ముసలమ్మ ఆవిడ. చేరలేదు. ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు.

"కొమ్మ వాడితే గానీ ఆవిడికి దూరం తెల్దు బాబూ. అది వాడదు. అందుకే కనబడినోలినల్లా అడుగుతాది. మావోలు సెప్పరు. ఇక్కడికే అవ్వా అనీసి బేగి ఎలిపోతారు."

"చెబితే?"

"సెప్పిన ఇంటికి ఎల్తాది. పిల్లని సూత్తాది." లేచి పైపు కట్టేసి, "ఒట్టి సేతుల్తో ఎనక్కి ఎల్లదు" అన్నాడు.

నవ్వేద్దామనుకున్నాను. నేను విజయనగరంలో డిగ్రీ చదివినవాణ్ణి, ఇలాంటివి విని నవ్విన వాణ్ణే. కానీ నిన్నూ పాపనీ మీ పెద్దమ్మగారి ఊరికి పంపేద్దామా అని అడిగాను. "ఇల్లొక్కటే సెప్పినావా, పేరు సెప్పినావు. ఎక్కడున్నా అడుక్కుంటా వత్తాది" అన్నాడు. నేనే బయల్దేరి మీ దగ్గరికి వచ్చేస్తానన్నాను. "ఆవిడికి దారి సూపించినట్టే. నువ్వు ముందూ, ఆవిడ ఎనకా" అన్నాడు. పేరు పెట్టడానికి నేను రావడంలేదని అత్త తిట్టిపోస్తోంది కదా, ఆ రాకపోవడం సీజన్ వల్ల కాదు. ఇదీ కారణం.

ధనుంజయ్ వాళ్ళ ఊరెళ్ళి పెద్దవాళ్ళని కనుక్కుని వచ్చాడు. వచ్చి మన ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇందల సగం గళ్ళు కాళీగా ఉన్నాయేటి బాబూ?" అన్నాడు. పోయినా వచ్చినా దూరం ఒకటేగా, రెండుసార్లు రాయడం దండగని ఒక పక్కే వేశారన్నాను. "అదే మరి. ఎల్లడానికి దూరం ఇచ్చినావు, తిరిగి రాడానికి ఇవ్వలేదు. ఎవులో ఒకలు ఇవ్వాలి" అన్నాడు. ఎవరో ఒకరు కాదు. నేను ఎవరి పేరు చెప్పానో వాళ్ళే, తమ నోటితో, ఇంకో ఇల్లూ ఇంకో పేరూ చెప్పాలట. అంటే నువ్వు.

నిన్న సాయంత్రం సాలూరు బైపాస్ ఆటోస్టాండు నుంచి ఫోనొచ్చింది. "సార్, మీ అవ్వని ఉచితంగా దింపుతానన్నా ఎక్కడంలేదు. పావనిగారిల్లు ఏ సందు సార్? ఉండండి, ఆవిడికే ఇత్తన్నాను" అన్నాడు కుర్రాడు. వద్దు వద్దు అంటూనే ఉన్నాను. ఫోను చేతులు మారింది.

"వచ్చీసినాను నాయనా. ఇంకెంత దూరం?"

ఫోను కట్టేశాను. అప్పటినుంచి ఆన్ చేయలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా పెదవి దాటిన మాట ఎంత దూరం నడిచిందో చూశావా? ఫోన్లో నీకు ఒక్క ముక్క చెప్పినా ఆ మాట పట్టుకుని ఇంట్లోకి వచ్చేస్తుందేమోనని భయం. అందుకే కాగితం. ఆవిడకి చదువు రాదు.

ఇప్పుడు చెప్పేది చెప్పినట్టు చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇందులో తెలివి చూపించకు. ముందు అత్తని ఇంట్లోంచి పంపించెయ్. ఆవిడ సంగతి తెలిసిందే, గేటు దగ్గర ఏ ముసలి గొంతు వినబడ్డా "ఇదేనమ్మా, లోపలికి రా" అనేస్తుంది. ఏదో వంక చెప్పి, కామేష్ చేత పెద్దమ్మగారింటికి పంపు. కామేష్‌నీ అక్కడే ఉండమను. ధనుంజయ్ మీ అరుగుమీద ఉంటాడు, కానీ అతను మాట్లాడకూడదు. ముసలమ్మ వచ్చి ఎంత దూరమని అడుగుతుంది. గేటు పట్టుకుని నిలబడి కూడా అలాగే అడుగుతుందట. భయపడకు. కసురుకోకు. "ఇదే" అనకు. పాప ఏడ్చినా వెనక్కి తిరిగి చూడకు. "అవ్వా, నువ్వు పోవలసిన ఇల్లు ఇది కాదు. అరకు. స్టేషన్ ఎదురుగా. సన్యాసిరావు" అని చెప్పు. కార్డు చూపిస్తే, సాలూరుమీద ఒక వేలూ అరకుమీద ఒక వేలూ పెట్టి చూపించు.

ఇది చదివి నువ్వు ఏమంటావో నాకు తెలుసు. నీ పేరెందుకు బావా, ఇంకెవరిదైనా చెబుతాను అంటావు. ధనుంజయ్ కూడా ఏదో ఒక పేరు చాలన్నాడు. నా పేరు ఇస్తున్నానని అతనికి చెప్పలేదు. చెబితే ఈ ఉత్తరం తేడు. రెండు రాత్రుళ్ళు ఆలోచించాను. ఒట్టి చేతులతో వెనక్కి వెళ్ళదు అన్నాక ఏ ఇంటి పేరు చెప్పమంటావు? ఎవరింట్లో ఉయ్యాల లేదు, ఎవరింట్లో మనవలు లేరు? నా గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, నేను. నాకు ధైర్యం ఉందని అనుకోకు. నీ దగ్గరికి పరిగెత్తుకు రావాలని ఉంది. మనం పెళ్ళాడి గట్టిగా మూడేళ్ళు కాలేదు, అందులో సగం నువ్వు అక్కడా నేనిక్కడా. నా మీద కోపం వస్తే తిట్టుకో. ఏడుపొస్తే ఆవిడ వెళ్ళాక ఏడువు. పేరు మాత్రం మార్చకు.

నువ్వు ఆ మాట అన్నాక ఆవిడ చేతిలో కొమ్మ చూడు. ఆకుల కొసలు ముడుచుకోవడం మొదలెడితే నీ మాట పట్టినట్టు, ఇటు బయల్దేరినట్టు. అప్పుడు గేటు వేసుకుని లోపలికి పో.

ఆ పూటే పాపకి పేరు పెట్టెయ్. ఇరవయ్యొకటో రోజు ఎప్పుడో దాటిపోయింది, నాన్నే వచ్చి బియ్యంలో రాయాలని అత్త పట్టుబడుతుంది, వినకు. బియ్యంలో నువ్వే రాయి, చెవిలో నువ్వే చెప్పు. నేను అనుకున్న పేరొకటి ఉంది గానీ ఇక్కడ రాయను. నువ్వు ఏం పేరు పెట్టావో నాకు రాయకు, ధనుంజయ్‌తో చెప్పి పంపకు, ఎప్పుడూ చెప్పకు. ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుని పిల్ల పేరేమిటని అడిగితే, నా నోటి సంగతి నాకు తెలుసు, చెప్పేస్తాను.

ఇట్లు,
పాపకి నాన్న, నీకు బావ